ఆక్సలాటల్‌కు ముందు చల్లదనం, తర్వాతే అక్వేరియం

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మక్క, మిర్చి వేస్తాం. ఇంటర్ చదివే మా బిడ్డ పట్టుబట్టి హైదరాబాద్ నుంచి ఆక్సలాటల్‌ను (నీళ్లలో బతికే, బల్లి ఆకారపు జీవి) తెప్పించుకుంది. రెండడుగుల అక్వేరియంలో రంగు గులకరాళ్లు, గప్పీ చేపలు వేసి, బోరు నీళ్లు పోసి, పైన లైటు పెట్టాం. ఎండలు ముదిరినప్పటి నుంచి మేత ముట్టడం లేదు. మొప్పలు ముందుకు వంగాయి. ఏం చేయాలి? అక్వేరియం ఎట్లా ఉండాలి?

జవాబు: ముందు ఇవాళ చేయాల్సిన పని చెబుతాను. దాన్ని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. మూతకు గాలి రంధ్రాలు ఉండాలి. చేత్తో, వలతో పట్టొద్దు. ఒక డబ్బాను నీళ్లలో ముంచి, అందులోకి తోలి ఎత్తండి. టబ్బును ఇంట్లో అన్నిటికంటే చల్లని అర్రలో పెట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను మూత తీయకుండా అందులో తేలేయండి. నీళ్లు ఒక్కసారిగా కాకుండా కొన్ని గంటల్లో మెల్లగా చల్లబడాలి. టబ్బుకు ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ నీళ్లన్నీ మార్చాలి. కొత్త నీళ్లు కూడా అంతే చల్లగా ఉండాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం నీళ్ల మీదే. దుకాణాల్లో దీన్ని చేపలా అమ్ముతారు గానీ ఇది కప్పలకు దగ్గరి జీవి. పుట్టిల్లు మెక్సికో నగరంలోని షోచిమిల్కో కాలువలు. ఆ చోటు సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల పైన, అంటే మన ఊటీ అంత ఎత్తులో ఉంది. నీళ్లు 16–18 డిగ్రీలుంటే దానికి హాయి. 20 దాటితే ఇబ్బంది, 24 దాటి రోజుల తరబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. వరంగల్ మే నెల ఎండలకు ఇంట్లో పెట్టిన నీళ్లు కూడా 30 దాటుతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, దాని విసర్జన నుంచి వచ్చే అమోనియా విషం పెరుగుతుంది.

నీళ్ల మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఎండాకాలం పొడిగాలికి బాగానే పనిచేస్తుంది, వానలు పడ్డాక అంతగా పనిచేయదు. 32 డిగ్రీల నీళ్లను 18కి దించడం దాని వల్ల కాదు. కాబట్టి చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కావాల్సిందే. అక్వేరియం కంటే దానికే ఎక్కువ ఖర్చవుతుంది. కొనేటప్పుడు లీటర్ల లెక్క ఒక్కటే చెప్పకుండా, గదిలో వేడి ఎంత, నీళ్లను ఎంతకు దించాలి అన్నదీ చెప్పి సైజు తీసుకోండి. చిల్లర్ వేడి గాలిని బయటికి వదులుతుంది, మూసిన అర్రలో పెడితే లాభం లేదు. తొట్టి అడుగున, మూడు వైపులా థర్మాకోల్ షీట్లు పెడితే కరెంటు మిగులుతుంది. గాలివానకు కరెంటు పోయే ఊళ్లలో ఇన్వర్టర్ కూడా చూసుకోండి.

తొట్టి పొడవు మూడడుగులు, వెడల్పు, ఎత్తు అడుగుంబావు చొప్పున ఉంటే 130 లీటర్ల దాకా పడతాయి, ఒకదానికి చాలు. పైన మూత ఉండాలి, ఎగిరి దూకుతుంది. గులకరాళ్లన్నీ తీసేయండి. ఇది మేతను నీళ్లతో పాటు లాగేస్తుంది, రాయి మింగితే పేగు మూసుకుపోతుంది. అడుగు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. గప్పీలు మొప్పలు కొరుకుతాయి, లేదా దీని నోట్లోకి పోతాయి. రెంటినీ కలిపి పెట్టొద్దు. దీనికి కనురెప్పలుండవు, కాబట్టి లైటు తగ్గించి, దాక్కోవడానికి మట్టి కుండ పెంకో పైపు ముక్కో పెట్టండి. స్పాంజ్ ఫిల్టర్ చాలు, నీటి వేగం ఎక్కువైతే తట్టుకోలేదు.

కొత్త ఫిల్టర్‌లో అమోనియాను తినే బ్యాక్టీరియా స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది, అప్పటిదాకా దాన్ని టబ్బులోనే ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి స్పాంజ్ ముక్క దొరికితే పాలకు తోడు వేసినట్టు త్వరగా అందుకుంటుంది. పరీక్ష కిట్‌తో చూస్తే అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి, నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) లోపు మంచిది. యూరియా బాగా వేసే పొలాల బోర్లలో నైట్రేట్ ఎక్కువ ఉండొచ్చు, ముందు మీ బోరు నీళ్లు చూడండి. ఎక్కువుంటే మిషన్ భగీరథ కుళాయి నీళ్లను క్లోరిన్ తీసే మందు కలిపి వాడండి. ఒట్టి ఆర్వో నీళ్లు వద్దు. తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది.

మేత విషయంలో మాత్రం పట్నం వాళ్ల కంటే మీకే సులువు. ఎర్రలే (వానపాములు) దీనికి అన్నిటికంటే మంచి ఆహారం. వర్మీ కంపోస్టు బెడ్‌లో సన్నగా, చారలతో ఉండే ఎర్రలు చేదు ద్రవం వదులుతాయి, చాలాసార్లు ఉమ్మేస్తుంది. లావుగా పొడవుగా ఉండే ఆఫ్రికన్ రకం ఇష్టంగా తింటుంది. మందు కొట్టిన మిర్చి చేనులోవి మాత్రం తేవొద్దు. దీని చర్మం దేన్నయినా పీల్చేస్తుంది కాబట్టి స్ప్రే చేసి వచ్చిన చేతులు తొట్టిలో పెట్టొద్దు, ఆ అర్రలో దోమల మందు కొట్టొద్దు.

చల్లబరిచాక కూడా కొన్ని రోజుల్లో మేత ముట్టకపోయినా, మొప్పల మీద తెల్లని దూది లాంటి బూజు కనిపించినా పశువైద్యుడికి చూపండి. చేపల మందులు సొంతంగా వేయొద్దు.

ఇంకొకటి. అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జీవుల్లో ఇదీ ఒకటి. 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం ఇలాంటివి పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి. చిల్లర్ ఖర్చు భరించలేమనుకుంటే చల్లని ఏర్పాటున్న వాళ్లకు ఇచ్చేయండి, పాకాల చెరువులో వదలొద్దు. ఇచ్చేటప్పుడు చేతులు మారిన సంగతీ పోర్టల్‌లో తెలపాలి.