స్కానర్‌ను అనుమానించే ముందు

ప్రశ్న: ఎలుక కాలేయం పారాఫిన్ సెక్షన్లకు (మైనంలో పొదిగి కోసిన పలుచని పొరలకు) హెచ్ అండ్ ఈ స్టెయిన్ (హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు) వేసి 40ఎక్స్‌లో స్కాన్ చేయిస్తున్నాను. మైక్రోస్కోప్ కింద బాగున్న స్లైడ్ స్కాన్‌లో అక్కడక్కడా మసకగా వస్తోంది. మళ్లీ స్కాన్ చేసినా అంతే. లోపం స్కానర్‌దేనా?

జవాబు: మసక ప్రతిసారీ అదేచోట వస్తోందంటే ముందు స్లైడ్‌ను అనుమానించండి. మైక్రోస్కోప్ దగ్గర మీ వేలు ఫైన్ ఫోకస్ మీదే ఉంటుంది, ఎత్తుపల్లాలను మీకు తెలియకుండానే సర్దేస్తుంది. చాలా స్కానర్లు అలా కాదు. కొన్ని చోట్ల మాత్రం ఫోకస్ చూసుకుని, మిగతా ఎత్తును లెక్కగట్టుకుంటాయి. 0.75 ఎన్ఏ (లెన్సు కాంతిని పోగుచేసుకునే శక్తికి కొలత) ఉన్న లెన్సుకు స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1 మైక్రాన్. సెక్షన్ మందమే 3 నుంచి 5 మైక్రాన్లాయె! ఫోకస్ పాయింట్ పోయి పోయి ఒక మడత మీద పడిందా, దాని చుట్టూ ఉన్న మంచి కణజాలం కూడా చెడుతుంది.

స్లైడ్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టుకోండి. మడతలు, గాలిబుడగలు, వేలిముద్రలు, కవర్‌స్లిప్ (సెక్షన్ మీద కప్పే పలుచని గాజు) మీదికి పొంగిన డీపీఎక్స్ (ఆ గాజును అంటించే జిగురు) బయటపడతాయి. పైన అంటినదాన్ని ఫ్యూమ్ హుడ్‌లో, జైలీన్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవండి. కవర్‌స్లిప్ 0.17 మి.మీ.ది వాడండి. కింద డీపీఎక్స్ దట్టంగా ఉంటే ఫోకస్ కుదిరినా బొమ్మ పాలిపోతుంది. స్లైడ్లను రాత్రంతా బల్లపరుపుగా ఆరనివ్వండి. పచ్చిగా ఉండగానే ర్యాక్‌లో నిలబెడితే కవర్‌స్లిప్ జారి, అంచు దాటి, యంత్రంలో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత గాజుముక్కలు ఏరుకోవాల్సిందే.

మడతలు తుడిస్తే పోవు. వాటర్‌బాత్‌ను పారాఫిన్ కరిగే వేడికన్నా 5-10 డిగ్రీలు తక్కువలో ఉంచి, సెక్షన్ పూర్తిగా విచ్చుకున్నాకే ఎత్తండి. ఇప్పటికే మడతపడ్డ స్లైడ్లకైతే ఫోకస్ పాయింట్లను చేత్తో పెట్టమని ఆపరేటర్‌ను అడగండి. శుభ్రమైన వేరే స్లైడ్‌లోనూ మసక వస్తే అప్పుడు సర్వీసువాళ్లను పిలవవచ్చు.

ప్రశ్న: సర్వర్ నిండిపోతోంది. 20ఎక్స్ సరిపోదా?

జవాబు: చాలా పనులకు సరిపోతుంది. 40ఎక్స్‌లో ఒక పిక్సెల్ సుమారు 0.25 మైక్రాన్. పొడవు, వెడల్పు 15 మి.మీ. ఉన్న ముక్క 360 కోట్ల పిక్సెళ్లవుతుంది, కుదించకపోతే 10.8 జీబీ. 20ఎక్స్‌లో అందులో నాలుగో వంతే. కొవ్వు, ఫైబ్రోసిస్ (మచ్చకట్టిన కణజాలం) విస్తీర్ణం, కేంద్రకాల లెక్కకు 20ఎక్స్ చాలు. మైటోసిస్ (విభజన జరుగుతున్న కణాలు) వెతకాలంటే మాత్రం 40ఎక్స్ మానకండి.

ప్రశ్న: కీ-67 (విభజన చెందే కణాల్లో కనిపించే ప్రోటీన్) లెక్కకు క్యూపాత్ అనే స్లైడ్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఒకే థ్రెషోల్డ్ (ఎంత రంగు దాటితే పాజిటివ్ అనే హద్దు) పెట్టినా రెండు బ్యాచ్‌ల ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి. ఎందుకు?

జవాబు: స్టెయిన్ బ్యాచ్ మారితే రంగూ మారుతుంది. ప్రతి బ్యాచ్‌లో ఒకే బ్లాకు నుంచి కోసిన కంట్రోల్ స్లైడ్ ఒకటి పెట్టండి. దాని మీద స్టెయిన్ వెక్టర్లు (ఒక్కో రంగును విడదీసి గుర్తించడానికి సాఫ్ట్‌వేర్ వాడే విలువలు) సరిచూసుకుని, ఆ తర్వాతే థ్రెషోల్డ్ ఖాయం చేయండి. డీఏబీ (కీ-67 ఉన్నచోట గోధుమరంగు తేలేలా చేసే రసాయనం) గోధుమరంగు ఎంత ముదిరితే ప్రోటీన్ అంత ఎక్కువ అని లెక్కగట్టకండి, ఆ రంగు అలాంటి కొలతకు పనికిరాదు. పాజిటివ్, నెగెటివ్ కేంద్రకాలను లెక్కపెట్టడమే క్షేమం. మందు ఇచ్చిన ఎలుకల స్లైడ్లు ఒక వారం, ఇవ్వనివి మరో వారం స్టెయిన్ చేసి ఉంటే ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రెండు గుంపులనూ కలిపి మళ్లీ స్టెయిన్ చేయండి.