వించ్ లారీ కొన్న మేనల్లుడికి

మాధవరం, చెన్నై

అల్లుడూ,

నువ్వు పాత రికవరీ లారీ బేరం కుదుర్చుకున్నావని, అడ్వాన్సు కూడా ఇచ్చేశావని నిన్న పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రెడ్‌హిల్స్ నుంచి గుమ్మిడిపూండి దాకా దిగబడిన బళ్లు లాగుతావట. నాకు చాలా సంతోషంగా ఉందిరా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అక్టోబరు దగ్గరపడుతోంది. వానలు మొదలయ్యాయంటే కేబుల్ కోసం తవ్వి పైపైన మట్టి కప్పిన రోడ్డంచుల్లోకి, మణలి, ఎన్నూరు వైపు లారీలు వరసగా దిగబడతాయి. నీకు పని దొరుకుతుందా అని నాకు దిగులు లేదు. తొందరపడతావేమోనని దిగులు. అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. తోలు చేతొడుగులు వేసుకో. సాగదీసిన రోప్‌ను దాటకు, దాని దగ్గర ఎవర్నీ నిలబడనివ్వకు. సైగలు ఒక్కడే చెయ్యాలి. మన రోడ్డు మీద ఒక డ్రైవరు తమిళం మాట్లాడితే, క్లీనరు హిందీ మాట్లాడతాడు, పక్కవాడు తెలుగువాడు. కేకలు వేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. లాగు, ఆపు, వదులు అన్న మూడింటికీ చేతి సైగలు ముందే ఖాయం చేసుకో.

ఇక లెక్క. రెండు యాక్సిళ్ల లారీ నిండు బరువు చట్టప్రకారం 18.5 టన్నులు. బురద చక్రాల సగం దాకానే ఉంటే, లాగడానికి ఇంచుమించు బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డు దాకా దిగిపోతే దానికి రెండింతలు, అంటే 37 టన్నులు. కేబిన్ దాకా మునిగితే మూడింతలు. ఎదురు వాలు ఉంటే ఒక్కో డిగ్రీకి బండి బరువులో అరవయ్యో వంతు కలుపుకో. 10 డిగ్రీల వాలుకు మరో 3 టన్నులు అవుతుంది. నీ వించ్, అంటే రోప్‌ను డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం, 10 టన్నులదన్నారు. ఆ 10 టన్నులు డ్రమ్ము మీద అడుగు పొరకే. పొర మీద పొర చేరేకొద్దీ డ్రమ్ము చుట్టుకొలత పెరిగి లాగే బలం తగ్గుతుంది. నాలుగో పొర మీద ఉన్నప్పుడు 7 టన్నులే అనుకుని లెక్క వేసుకో. అందుకే రోప్‌ను వీలైనంత బయటికి లాగి పని చెయ్యి. అలాగని ఖాళీ చెయ్యకు. స్టీలు రోప్ అయితే డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు ఉండి తీరాలి. బరువు మోసేది ఆ చుట్ల ఒరిపిడే. లోపల రోప్ కొస బిగించే బోల్టు దేనికీ ఆగదు.

18.5 టన్నులు ఎక్కడ, నీ 7 ఎక్కడ! అందుకే వించ్ కంటే ముందు పార తియ్యి. ప్రతి టైరు ముందూ ఏటవాలుగా తవ్వి దారి చెయ్యి. యాక్సిల్ హౌసింగ్ కింద, ఛాసిస్ కింద గడ్డపారతో పొడిచి గాలి ఆడనివ్వు. బురద పట్టు సగం అక్కడే వదులుతుంది. కింద చెక్క దిమ్మలు పరుచు. సరుకు దించడానికి వీలుంటే దించమను. ఓనరు ఆలస్యమవుతోందని అరుస్తాడు. అరవనీ. గంటసేపు తవ్విన బండి పది నిమిషాల్లో పైకి వస్తుంది. తవ్వని బండిని లాగితే యాక్సిల్ ఊడి చేతికొస్తుంది.

బ్రేకులు చూడకుండా కూడా లాగకు. రాత్రంతా నిలబడిపోయిన లారీలో బ్రేకుల ట్యాంకులో గాలి దిగిపోయి ఉంటుంది. గాలి లేకపోతే వెనక స్ప్రింగ్ బ్రేకులు పట్టేస్తాయి. చాలామంది బురద మీద కోపంతో వించ్ పెంచుతూ పోతారు. అక్కడ అడ్డుకునేది బురద కాదు, బిగుసుకున్న చక్రాలు. నీ లారీ నుంచి గొట్టం వేసి ఎయిర్ ఎక్కించు. ఎక్కించే ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టు. గాలి నిండగానే బ్రేకులు ఒక్కసారిగా వదిలేస్తాయి, వాలు ఉంటే బండి కదిలిపోతుంది. పైకి వచ్చాక వెనక చక్రాలు నేల మీద ఉంచి దూరం లాక్కెళ్లాలంటే గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పెయ్యి. ఇంజను ఆగి ఉన్నప్పుడు గేర్‌బాక్సులో నూనె సరిగా తిరగదు, లోపలంతా కాలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. దీన్ని రెండుసార్లు చదువు.

స్నాచ్ బ్లాక్, అంటే రోప్‌ను మళ్లించే కప్పీ, వేస్తే బలం రెట్టింపు అవుతుంది, వేగం సగమవుతుంది. ఇది మా తరంలో అందరికీ తెలుసు. ఆ రెట్టింపు ఎక్కడ పడుతుందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. రోప్ దిగబడిన లారీ దాకా వెళ్లి, అక్కడ కప్పీ చుట్టూ తిరిగి, నీ లారీకే వచ్చి కట్టుకుంది అనుకో. వెళ్లే రోప్‌లో 10 టన్నులు, వచ్చే రోప్‌లో 10 టన్నులు. కప్పీని పట్టుకుని ఉన్న షాకిల్ మీద, అంటే పిన్నుతో మూసే యూ ఆకారపు ఇనుప కడియం మీద, 20. రోప్‌కు 10 టన్నులు చాలు కాబట్టి షాకిల్‌కు కూడా 12 టన్నులది, అంటే 32 మిల్లీమీటర్లది, చాలనుకునేవాళ్లం. తప్పు. అక్కడ 38 మిల్లీమీటర్లది కూడా చాలదు, అది 17 టన్నులకే. ఒకటిముప్పావు అంగుళాలది, 25 టన్నులది కావాలి. కప్పీని పక్కకు కట్టి దారి మాత్రమే మళ్లించినా ఇదే లెక్క. రెండు రోపుల మధ్య 90 డిగ్రీలుంటే కట్టు మీద 14 టన్నులు పడతాయి. 120 డిగ్రీలకు తెరుచుకుంటే అప్పుడు 10.

మరి 12 టన్నుల షాకిల్ అన్నేళ్లు ఎలా ఆగింది? ఆగింది, అదే మోసం. మంచి షాకిల్‌ను రాసిన బరువుకు అయిదారింతలు తట్టుకునేలా చేస్తారు. ఆ మిగులునే మేం తింటూ వచ్చాం. ఆగిన ప్రతిసారీ ధైర్యం పెరిగింది. ఒకరోజు పిన్ను పోయింది. చేతికందిన మామూలు బోల్టు దూర్చారు. పైగా షాకిల్ తిన్నగా లేదు, పక్కవాటుగా లాగుతోంది. పక్క లాగుడులో దాని బలం దాదాపు సగం పోతుంది. మిగులు తగ్గి, బోల్టు మెత్తనై, లోడు రెట్టింపై, మూడూ ఒకేసారి కలిశాయి. బోల్టు తెగి, కప్పీ రోప్‌తో సహా వెనక్కి వచ్చి లాగుతున్న వించ్ లారీ కేబిన్ అద్దంలోంచి దూసుకెళ్లి సీటు వీపుకు తగిలి ఆగింది. డ్రైవరు అప్పుడే మంచినీళ్లకని దిగాడు. ఆ సీటులోకి ఇప్పుడు నువ్వు ఎక్కబోతున్నావు. అందుకేరా నా నిద్ర పోయింది.

కాబట్టి కప్పీ దగ్గరి షాకిల్‌కు పిన్ను దాని సొంతదే ఉండాలి. బోల్టు, కమ్మీ, ఏదీ పనికిరాదు. షాకిల్ ఒంటి మీద టన్నుల అచ్చు కనపడకపోతే అది నీ బండిలో ఉండకూడదు. పిన్ను పూర్తిగా బిగించు. కొక్కేన్ని రోప్‌కే తిప్పి తగిలించకు. తీగలు నలిగిపోతాయి. చెట్టుకు కట్టాలంటే మొదలు దగ్గర, వెడల్పాటి బెల్టుతోనే కట్టు. సాగే బెల్టు వించ్ పనికి వద్దు, అది తెగితే రాయిలా వచ్చి తగులుతుంది. రోప్ నడుమ తడి గోనెసంచులు రెండు వేలాడదియ్యి. తెగినా ఎగరకుండా కింద పడుతుంది.

రోప్ కొసను మడిచి బిగించే యూ క్లాంపులు కూడా చూసుకో. 20 మిల్లీమీటర్ల రోప్‌కు తక్కువలో తక్కువ నాలుగు కావాలి. వాటి మధ్య దూరం రోప్ లావుకు ఆరింతలు, అంటే 12 సెంటీమీటర్లు. వంపు తిరిగిన యూ కమ్మీ పొట్టి కొస వైపు ఉండాలి, అడుగు దిమ్మె బరువు మోసే పొడుగు వైపు. తిరగేస్తే బరువు మోసే రోప్‌నే యూ నలిపేస్తుంది. తొలి లాగుడు తర్వాత రోప్ సన్నబడుతుంది, అందుకే మళ్లీ ఒకసారి బిగించు.

లాగేటప్పుడు ముందు సడలు మాత్రం తీసి ఆపు. కట్లన్నీ చుట్టూ తిరిగి చూడు. ఆ తర్వాతే బరువు పెట్టు. కుదుపు ఇవ్వకు. నువ్వు చిన్నప్పుడు గాలిపటం దారం ఊరికే గుంజి తెంపేవాడివి, మీ అమ్మ మళ్లీ మళ్లీ ముడి వేసిచ్చేది. ఇక్కడ ముడి వేసిచ్చేవాళ్లుండరు నాన్నా.

కొత్త రోప్ కొంటానన్నావట. కొను. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల దుకాణాల్లో స్టీలు గుండె ఉన్నదే, అంటే నడిమి పేట కూడా స్టీలుదే, అడుగు, టెస్ట్ సర్టిఫికెట్ చూపించమను. దాన్ని డ్రమ్ముకు వదులుగా చుట్టకు. పై చుట్టు కింది చుట్లలోకి దిగి ఇరుక్కుంటుంది. ఒక లారీని రోప్ కొసకు కట్టి, బ్రేకు కొద్దిగా పట్టి, మెల్లగా లాగిస్తూ బిగువుగా చుట్టాలి. దానికి ఇద్దరు కావాలి. ఆదివారం నేను వస్తాను. నీ దగ్గర ఉన్న షాకిళ్లన్నీ ఒక గోనె మీద పరిచి ఉంచు, పిన్నులు ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను.

మీ మామయ్య