యోమ్ హషోవా సైరన్ మోగితే ఏం చేయాలి?

కేర్‌గివర్‌గా ఇజ్రాయెల్‌కి కొత్తగా వచ్చిన ఒకరు అడిగారు: యోమ్ హషోవా (హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండలో, చనిపోయినవాళ్ల సంస్మరణ దినం) నాడు సైరన్ మోగితే షెల్టర్‌లోకి వెళ్లాలా, మనం చూసుకునే పెద్దావిడ హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడ్డ మనిషైతే ఎలా మెలగాలి, తేదీ ఏటా ఎందుకు మారుతుంది అని.

షెల్టర్‌కి వెళ్లక్కర్లేదండి. సంస్మరణ సైరన్ ఒకే స్వరంలో సాగుతుంది. రాకెట్ హెచ్చరికైతే హెచ్చుతూ తగ్గుతూ మోగుతుంది. అనుమానం వస్తే హోం ఫ్రంట్ కమాండ్ (పౌర రక్షణ చూసే సైనిక విభాగం) యాప్ చూడండి. సంస్మరణ సైరన్ ఉదయం 10 గంటలకు రెండు నిమిషాలు మోగుతుంది. హైవే మీద కార్లు ఆపి జనం దిగి నిలబడతారు. మీరూ పని వదిలి నిలబడండి, వీడియో మాత్రం తీయకండి.

అసలు జాగ్రత్త ఇంట్లో కావాలి. ఆ రోజు ముందు సాయంత్రమే మొదలవుతుంది. చాలామంది ఇళ్లలో దాదాపు 24 గంటలు వెలిగే నేర్ నెషమా (పోయినవాళ్ల జ్ఞాపకార్థం వెలిగించే) కొవ్వొత్తి పెడతారు. స్టీలు పళ్లెంలో, కర్టెన్లకు దూరంగా ఉంచండి, ఊది ఆర్పొద్దు. రాత్రి 8కి జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారక కేంద్రం యాద్ వషేమ్‌లోని వార్సా ఘెట్టో చౌక్ నుంచి టీవీలో ప్రభుత్వ కార్యక్రమం వస్తుంది. చనిపోయిన అరవై లక్షల మంది యూదుల గుర్తుగా ఆరు దివిటీలు వెలిగిస్తారు. పెద్దావిడను అడిగాకే టీవీ పెట్టండి. కొందరు చూసి తీరాలంటారు, కొందరు భరించలేరు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఆ సైరన్‌తో పాత భయమంతా మీద పడొచ్చు. పావుగంట ముందే చెప్పి, కిటికీలు మూసి, పక్కన కూర్చోండి. నిలబడలేని మనిషిని లేపడం అవసరమే లేదు.

తేదీ హీబ్రూ పంచాంగం ప్రకారం నీసాన్ 27. 1951లో పార్లమెంటు నిర్ణయించింది. పోలండ్‌లోని వార్సాలో నాజీలు యూదులను నిర్బంధించిన పేట (ఘెట్టో)లో తిరుగుబాటు 1943 ఏప్రిల్ 19న, పెసహ్ (పస్కా) పండగ ముందురోజు మొదలైంది. పండగ నాడు సంతాపం కుదరదు గనుక పండగ వెళ్లాక పెట్టారు. శుక్రవారం పడితే గురువారానికి, ఆదివారం పడితే సోమవారానికి జరుపుతారు, శనివారపు సబ్బాతుకు భంగం రాకూడదని. 2025లో అలాగే ఏప్రిల్ 24 గురువారం జరిగింది. నీసాన్ మాసంలో సంతాపం తగదనే హరేదీలు (మతాచారాలు కఠినంగా పాటించే యూదులు) చాలామంది సైరన్‌కు నిలబడరు. వాళ్లను తప్పుపట్టకండి, ప్రార్థనలో తలచుకునే పద్ధతి వాళ్లకు వేరే ఉంది.

ఇంకో మాట. పెద్దావిడ ఆ రోజు పోయినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెడితే ఆవిడ పిల్లలకు వెంటనే ఫోన్ చేయండి. హోలోకాస్ట్‌లో చనిపోయినవాళ్లను నమోదు చేసే యాద్ వషేమ్ సాక్ష్యపత్రంలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, చనిపోయిన చోటు లాంటివి రాయాలి. ఆవిడ చెప్పినవాళ్లలో ఒక్కరి పేరు ఇంకా నమోదు కాకపోయినా, చెప్పగలిగిన మనిషి ఆవిడొక్కరే కావచ్చు.