మా ఆయన టాక్ షో మాటలకు మా తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లాడు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారు 2004లో హెచ్‌-1బీ మీద వచ్చారు, 2017లో సిటిజెన్ అయ్యారు. 2023లో ఉద్యోగం పోయింది. చాలా నెలలకు తక్కువ జీతంతో ఇంకొకటి దొరికింది, ఇంటి నుంచే పని. అప్పటినుంచి పొద్దున లేస్తే రిపబ్లికన్ల వైపు మాట్లాడే కన్జర్వేటివ్ టాక్ షోలే. కారులో రేడియో, వంటగదిలో యూట్యూబ్, నడకకు వెళ్తే చెవిలో పాడ్‌కాస్ట్. మా తమ్ముడు హెచ్‌-1బీ మీద పనిచేస్తూ మాతోనే ఉండేవాడు. 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన రాగానే భయపడి, మా నాన్నగారి సంవత్సరీకానికి తీసుకున్న టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడు. దసరా రోజు భోజనాల దగ్గర మావారు "మంచి పని చేశారు, ఈ వీసా మొత్తం ఎత్తేయాలి. దొంగ రెజ్యూమేలు పెట్టుకుని వచ్చే మీలాంటి వాళ్ల వల్లే ఈ దేశం పాడవుతోంది" అన్నారు. తమ్ముడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ వారంలోనే ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. పదిహేడేళ్ల మా అమ్మాయి తండ్రిని రేసిస్ట్ అంటోంది, కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోతోంది. నేను నోరు తెరిస్తే "నువ్వూ లిబరల్ అయిపోయావా" అంటారు. ఆయన చేత ఆ షోలు ఎలా మాన్పించాలి?

జవాబు: అమ్మా, మీరు షోల గురించి అడిగారు. నాకు మాత్రం ముందు మీ తమ్ముడి గురించి మాట్లాడాలని ఉంది. తండ్రి పోయిన ఏడాదికి కొడుకు చేయాల్సిన కార్యం అది. చేయలేకపోయాడు. ఆ దిగులు మనసులో పెట్టుకుని కూర్చున్న పిల్లవాణ్ని, పండగపూట, అక్క ఇంట్లో, సొంత బావ ఆ మాట అన్నాడు. ఏ పార్టీ మనిషి అన్నా అది అనకూడని మాటే. దీన్ని మీరు రాజకీయంగా చూసినంతకాలం మీవారూ అలాగే చూస్తారు, వాదించి గెలవాలనుకుంటారు. అందుకే ముందు ఈ రెంటినీ మీ మనసులో విడదీసుకోండి. వీసా విధానం మీద ఆయనకు ఒక అభిప్రాయం ఉంది, అది ఆయన ఇష్టం. "మీలాంటి వాళ్లు" అన్నారు చూడండి, ఆయన జవాబు చెప్పాల్సింది దానికి.

ఆ అభిప్రాయాన్ని కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. ఒకే మనిషి పేరు మీద నాలుగైదు కన్సల్టెన్సీలు హెచ్‌-1బీ లాటరీలో వేయించడం మనవాళ్లకు తెలియని సంగతేమీ కాదు. 2024 ఆర్థిక సంవత్సరానికి రిజిస్ట్రేషన్లు 7,80,000 దాటాయి. ఎన్ని కంపెనీలు వేసినా మనిషిని ఒక్కసారే లెక్కలోకి తీసుకుంటామని నిబంధన మార్చాక మరుసటి ఏడాదికి సుమారు 4,80,000కి పడిపోయాయి. ఆ గోల్‌మాల్ వల్ల నష్టపోయింది అమెరికా వాళ్లే కాదు, నిజాయితీగా ఒక్క అప్లికేషన్ వేసుకున్న మన పిల్లలు కూడా. మీవారి కోపంలో ఈ పాటి న్యాయం ఉందని మీరు ఒప్పుకుంటే ఆయన మీ మాట వినడానికి కొంత చోటు దొరుకుతుంది.

ఇంకో సంగతి. కన్జర్వేటివ్‌లంతా ఈ విషయంలో ఒక్క మాట మీద లేరు. 2024 డిసెంబరులో శ్రీరామ్ కృష్ణన్‌ను వైట్‌హౌస్ ఏఐ సలహాదారుగా ప్రకటించినప్పుడు వాళ్లలో వాళ్లకే పెద్ద గొడవ జరిగింది. ఇలాన్ మస్క్, వివేక్ రామస్వామి బయటినుంచి ప్రతిభ రావాలన్నారు, ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బ్యానన్ ఈ వీసా వద్దే వద్దన్నారు. 2025 నవంబరులో ఫాక్స్ న్యూస్‌లో లారా ఇంగ్రహం ఇదే అడిగితే, కొన్ని నైపుణ్యాలు ఇక్కడ దొరకవు, బయటినుంచి తెచ్చుకోక తప్పదన్న అర్థంలో ట్రంపే మాట్లాడారు. అంటే, మీవారు కన్జర్వేటివ్‌గా ఉంటూనే మీ తమ్ముడి పక్కన నిలబడవచ్చు. మీ ఇంట్లో తమ్ముడా, పార్టీయా అని ఎవరూ ఎంచుకోనక్కర్లేదు.

ఇక షోలు. అవి ఎలా తయారవుతాయో తెలిస్తే ఆయన ఎందుకు ఇలా మాట్లాడుతున్నారో మీకు అర్థమవుతుంది. అమెరికాలో 1949 నుంచి రేడియో, టీవీల మీద ఒక షరతు ఉండేది. వివాదం ఉన్న విషయం చెబితే రెండోవైపు మాటకూ చోటివ్వాలి. 1987లో దాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడు ఆగస్టులో రష్ లింబా అనే కన్జర్వేటివ్ రేడియో హోస్ట్ తన షోను దేశమంతటికీ మొదలుపెట్టారు. రోజూ మూడు గంటలు, ఒక్క మనిషి గొంతు. పాటలన్నీ ఎఫ్‌ఎంకు తరలిపోయి వినేవాళ్లు లేక అల్లాడుతున్న ఏఎం స్టేషన్లకు అది ప్రాణం పోసింది. 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. 2021లో లింబా చనిపోయేనాటికి షాన్ హానిటీ, మార్క్ లెవిన్, గ్లెన్ బెక్, బెన్ షపీరో ఇలా ఎందరో అదే దారిలో ఉన్నారు.

ఈ షోలలో చెప్పేదంతా అబద్ధమని నేను అనను. కష్టపడి పైకి రావడం, కుటుంబం, దేవుడు, పిల్లల చదువులో తల్లిదండ్రుల మాట చెల్లడం, అప్పుల్లేకుండా బతకడం. ఇవి మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటలే. మీవారికి వాటిలో తన తండ్రి గొంతు వినిపించి ఉండొచ్చు. నాకు భయం కలిగించేది ఆ పద్ధతి. ఒక్కరే గంటల తరబడి మాట్లాడతారు. ఎదుటివాడు అక్కడ ఉండడు, అతను ఏమంటాడో కూడా వీళ్లే చెబుతారు. ఫోన్ చేసేవాళ్లను ముందే అడిగి, ఎంచి లైన్లోకి తీసుకుంటారు. ప్రకటన అయ్యేదాకా వినేవాడు కదలకూడదు కాబట్టి బ్రేక్ ముందు ఏదో ఒక కోపం రాజేస్తారు. వాళ్లు నమ్మిందే చెబుతారన్న గ్యారంటీ కూడా లేదు. 2020 ఎన్నికల్లో మోసం జరిగిందంటూ ప్రసారం చేసిన మాటలకు ఫాక్స్ 2023 ఏప్రిల్‌లో ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్‌కు 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. ఆ మోసం కథలను కొందరు హోస్టులే లోపల్లోపల నమ్మలేదని కోర్టుకు వచ్చిన వాళ్ల సొంత మెసేజ్‌లు చూపించాయి. ఎదురు పక్షం ఛానెళ్లలోనూ ఈ కోపం వ్యాపారం ఉంది. మీ అమ్మాయి ఫోన్లో ఒకదాని వెనక ఒకటి వచ్చే రీల్స్‌లోనూ ఉంది. మన తెలుగు ఛానెళ్ల రాత్రి డిబేట్లు చూసేవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

రోజుకు ఆరేడు గంటలు ఆ గొంతు విన్న మనిషి భోజనానికి వచ్చి కూర్చుంటే అలాగే మాట్లాడతాడు. ఆయన ముందు మీ తమ్ముడు, మీ అమ్మాయి, మీరు ఉన్నారు. ఆయన మాత్రం అక్కడ లేని ఎవరినో ఓడిస్తున్నారు. "నువ్వూ లిబరల్ అయిపోయావా" అన్న మాట కూడా ఆ వరసలోదే. మనిషి పక్కనే ఉంటే పేరుతో పిలుస్తాం, లేనివాళ్లకు ముద్ర వేస్తాం.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన చోటు మాత్రం వేరు. ఉద్యోగం పోయిన సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు. ఇరవై ఏళ్లు ఈ దేశంలో ఉద్యోగమే గుర్తింపుగా బతికిన మగవాడు నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత తక్కువ జీతానికి, ఒక్కడే ఒక గదిలో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడిందెవరు? ఆ షోలే. నీ కష్టానికి కారణం ఇదీ అని చెప్పిందీ అవే. ఆ నెలల్లో ఆయన భయాన్ని ఎవరైనా అడిగారా? మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది అనడం లేదు. మీరూ ఇల్లు నెట్టుకొస్తూ ఉండి ఉంటారు.

ఇంకా ఒక అనుమానం నాకుంది. ఏటా ఉద్యోగాల కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి. ఆ క్యూలో నిలబడి, వీసా పొడిగింపులు చేయించుకుంటూ, ఉద్యోగం మారడానికి కూడా భయపడుతూ ఆయన సిటిజెన్ అయ్యారు. ఇప్పుడు భారతీయులందర్నీ ఒకే గాట కట్టి తిట్టే మాటలు సోషల్ మీడియాలో పెరిగాయి. ఎవరో తనను అనకముందే తానే "నేను వాళ్లలో ఒకణ్ని కాను" అని చెప్పుకుంటున్నారేమో. ఆయన పాస్‌పోర్ట్ ఏదైనా, వీధిలో చూసేవాళ్లకు ఆయనా మీ తమ్ముడూ ఒకేలా కనిపిస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం కింద ఆ భయం ఉండొచ్చు.

కాబట్టి షోలు మాన్పించే ప్రయత్నం చేయకండి. రేడియో కట్టేస్తే చెవిలో పెట్టుకుంటారు, మీరూ ఆయన శత్రువుల జాబితాలోకి వెళ్తారు. లింకులు పంపి తప్పులు నిరూపించడమూ వద్దు. ఒకరోజు అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, షో విన్న వెంటనే కాకుండా, ఇద్దరే కూర్చోండి. ఇలా చెప్పండి: "వీసా గురించి మీరు ఏమనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ మా నాన్న కార్యానికి వెళ్లలేక ఏడుస్తున్న నా తమ్ముణ్ని మీరు మన ఇంట్లో అవమానించారు. నాకు బాధగా ఉంది. వాడికి మీరే ఫోన్ చేయాలి." అంతే. ఆయన బైడెన్ గురించో బోర్డర్ గురించో ఎత్తితే అటు వెళ్లకండి. "అది ఇంకోసారి మాట్లాడదాం, నేను నా తమ్ముడి గురించి అడుగుతున్నా" అని మళ్లీ అక్కడికే రండి. ఒక్కసారికి కరిగిపోతారని అనుకోకండి. రెండోసారి, మూడోసారి కూడా అదే మాట, అదే గొంతుతో.

తమ్ముడి భయం ఉత్తిదని ఆయన అనవచ్చు. సెప్టెంబరు 19న, శుక్రవారం, ప్రకటన వచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు, కొత్త పిటిషన్లకే ఆ ఫీజు అని మర్నాడు వివరణ ఇచ్చారు. ఆ ఒక్క రోజులో ఎంతమంది విమానాలు దిగిపోయారో ఆయనా చూశారు. డిసెంబరు నుంచి సోషల్ మీడియా తనిఖీ పెట్టడంతో హైదరాబాద్‌తో సహా మన దేశంలో వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. వెళ్తే తిరిగి రాగలనా అన్న భయం మీ తమ్ముడిది ఒక్కడిదే కాదు. 2004లో వచ్చిన మనిషికి ఈ భయం రుచి తెలుసు, గుర్తు చేస్తే చాలు.

అమ్మాయితో విడిగా మాట్లాడండి. తండ్రి మాట తప్పని ఆమె అనుకోవడం తప్పు కాదు. ఆయన ఆ మాట అన్నప్పుడు మామయ్య పక్కన నిలబడింది, అది మంచి మనసు. అయితే రేసిస్ట్ అన్నాక ఇక మాటలు సాగవు. అలా అనే బదులు ఆయన్ని అడగమనండి: గ్రీన్‌కార్డ్ కోసం ఎన్నేళ్లు ఆగారు, ఆ మధ్యలో తాతయ్యకు బాగాలేకపోతే వెళ్లగలిగారా, మొదటి ఉద్యోగంలో ఎలా చూశారు. పిల్ల అడిగితే తండ్రి చెబుతాడు. చెబుతూ చెబుతూ తన మాటలు తనే వింటాడు. మీరు మాత్రం ఆమెను మీ తరఫు లాయర్‌గా ముందుకు నెట్టకండి. 2026 నవంబరు 3న మధ్యంతర ఎన్నికలు. అప్పటికి పద్దెనిమిది నిండితే ఆమెకూ ఓటు ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు ఓట్లు రెండువైపులా పడొచ్చని, ఎవరికి వేశావని ఎవరూ నిలదీయకూడదని ఇప్పుడే అనుకోండి. భోజనాల దగ్గర ఫోన్లూ షోలూ వద్దన్న నియమం పెడితే అది ఆమెకూ, మీకూ వర్తించాలి. లేకపోతే ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.

ఒక వారాంతం ఆయనతో పాటు కూర్చుని ఒక షో పూర్తిగా వినండి. ఎగతాళి చేయకుండా, ఇందులో మీకు నచ్చేదేమిటని నిజంగానే అడగండి. కొన్నింటికి మీరూ తలూపుతారేమో. పనిలో పనిగా ఇంటి ఖాతాలు కూడా చూసుకోండి. ఈ షోల మధ్య బంగారం నాణేలు, సప్లిమెంట్లు, ఏళ్లు నిలవుండే ఆహారం ప్యాకెట్ల ప్రకటనలు ఎక్కువ. రిటైర్‌మెంట్ డబ్బు అటు మళ్లించే ఆలోచన ఉంటే అది ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఇన్ని చేసినా ఆయన అమ్మాయిని, మిమ్మల్ని రోజూ కించపరుస్తూ ఉంటే, లేదా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అది షోల సమస్యను దాటిపోయినట్టు. ఉద్యోగం పోయిన దెబ్బ డిప్రెషన్‌గా మారితే చాలామంది మగవాళ్లలో అది కోపంగానే బయటికొస్తుంది. ఆయన కంపెనీ బెనిఫిట్స్‌లో కౌన్సెలింగ్ ఉందేమో కనుక్కోండి. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతారు.

మీ తమ్ముడి విషయంలో మాత్రం మీరు ఎవరి కోసమూ ఆగకండి. ఈ వారమే ఇర్వింగ్ వెళ్లండి, వండి పట్టుకెళ్లండి. బావ మారాడని చెప్పొద్దు, సర్దుకుపొమ్మనీ చెప్పొద్దు. నాన్నగారి కార్యం ఎలా జరిపించారో, ఊళ్లో ఎవరు కూర్చున్నారో మాట్లాడుకోండి, వాణ్ని ఏడవనివ్వండి. ప్రయాణం గురించి వాడి కంపెనీ అటార్నీని రాతపూర్వకంగా అడిగితే మంచిది. మీవారు ఫోన్ చేసిన రోజు, అది ఎప్పుడైనా సరే, మీరు మధ్యలో మాటలు మోయకుండా వాళ్లిద్దరినే మాట్లాడుకోనివ్వండి. ఏమైందో నాకు మళ్లీ రాయండి.