రాజుగారింట బాబు, ఊరందరి నోటా పేరు

గత సంచికలో బ్రిటన్ రాజకుటుంబంలో పిల్లలకి పెట్టే పేర్ల గురించి ఒక చిన్న జవాబు రాస్తే, దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. ఎక్కువ భాగం రాజు చార్లెస్ చిన్నకొడుకు హ్యారీ, అతని భార్య మేఘన్‌ల కొడుకు ఆర్చీ గురించే. కొందరు మురిసిపోతూ రాశారు, కొందరు కోప్పడుతూ రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఆర్చీ పుట్టినప్పుడు, పేరు పెట్టినప్పుడు బ్రిటన్‌లో అంత గోల ఎందుకు జరిగిందండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గోల పేరు కంటే ముందే మొదలైందమ్మా. 2019 మే 6న తెల్లవారుజామున 5 గంటల 26 నిమిషాలకి బాబు పుట్టాడు. మేఘన్‌కి నొప్పులు మొదలయ్యాయని రాజభవనం వాళ్లు చెప్పింది మాత్రం మధ్యాహ్నం, అంటే బిడ్డ పుట్టి గంటలు గడిచిపోయాక. విలేకరులకి అక్కడే ఒళ్లు మండింది. అంతకుముందు హ్యారీ అన్న విలియం, వదిన కేట్‌ల ముగ్గురు పిల్లలూ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలోని లిండో వింగ్‌లో పుట్టారు, ప్రతిసారీ తల్లి బిడ్డని ఎత్తుకుని ఆ మెట్ల మీద నిలబడటం, ఎదురుగా కెమెరాలు బారులు తీరడం, జనం దానికి బాగా అలవాటు పడిపోయారు. 2018 ఏప్రిల్ 23న ఉదయం 11 దాటాక వాళ్ల మూడో బిడ్డ లూయీ పుడితే సాయంత్రం ఆరింటికల్లా కేట్ ఎర్ర గౌను, హైహీల్స్ వేసుకుని బయటికొచ్చి నవ్వుతూ నిలబడింది. పురుడు పోసుకుని ఏడు గంటలు! ఏ బాలింతనైనా అలా నిలబెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మేఘన్ ఆ పని చెయ్యలేదు. రెండు రోజుల తర్వాత విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ హాల్లో కొద్దిమంది ముందు బిడ్డని చూపించారు, అంతే. ఏ ఆస్పత్రిలో పుట్టాడన్నది కూడా బర్త్ సర్టిఫికెట్ బయటికొచ్చాకే ఖాయంగా తెలిసింది, లండన్‌లోని పోర్ట్‌లాండ్ అనే ప్రైవేటు ఆస్పత్రి.

ఇక పేరు. మే 8న ఆర్చీ హ్యారిసన్ మౌంట్‌బాటన్-విండ్సర్ అని ప్రకటించారు. పందేలు కాసే కంపెనీల దగ్గర జనం ఎక్కువగా డబ్బు పెట్టింది అలెగ్జాండర్, జేమ్స్, ఆర్థర్ లాంటి పేర్ల మీద. ఒక్కటీ తగల్లేదు. "ఇది ముద్దుపేరు కదా, అసలు పేరు ఆర్చిబాల్డా?" అని పాతతరం వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కాదు, ఆర్చీయే అసలు పేరు. అప్పటికే ఇంగ్లండ్, వేల్స్‌లలో మగపిల్లలకి ఎక్కువగా పెడుతున్న మొదటి 20 పేర్లలో అది ఉంది, కాబట్టి చిన్న వయసు తల్లిదండ్రులకి అది పక్కింటి బాబు పేరులాగే వినిపించింది. హ్యారిసన్ అంటే హ్యారీ కొడుకు అని కూడా వస్తుంది కదా, దానికి మురిసిపోయినవాళ్లు బోలెడంత మంది. సింహాసనానికి అప్పట్లో వరసలో ఏడోవాడు ఆ బాబు. రాజు అయ్యే అవకాశం దాదాపు లేని పిల్లాడికి కన్నవాళ్లు తమకి నచ్చిన పేరు పెట్టుకోవడం నాకు చాలా సంతోషం అనిపించింది.

ప్రశ్న: రెండు వందల ఏళ్లు మనల్ని దోచుకున్నవాళ్ల ఇంట్లో బిడ్డ పుడితే మన టీవీలకి, పత్రికలకి అంత సంబరం ఎందుకు? సిగ్గుగా లేదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, దాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆ బాబు ఇంటిపేరులోనే మౌంట్‌బాటన్ ఉంది చూడండి. అది తాతమ్మ ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ తరఫున వచ్చిన పేరు, ఆయనకి మేనమామ లూయీ మౌంట్‌బాటన్, 1947లో మన చివరి వైస్రాయ్. అధికారం అప్పగించే తేదీని ముందుకి జరిపి, హడావిడిగా దేశాన్ని రెండు ముక్కలు చేసి ఇచ్చిపోయిన మనిషి. 2018లో విలియం తన రెండో కొడుక్కి లూయీ అని పెట్టినప్పుడు కూడా అక్కడివాళ్లకి గుర్తొచ్చింది ఆయనే, కాకపోతే వాళ్లకి ఆయన 1979లో ఐర్లండ్ తిరుగుబాటు సంస్థ ఐఆర్‌ఏ బాంబుకి బలైపోయిన పెద్దమనిషి. ఒకే పేరు, వాళ్ల గుర్తులు వేరు, మన గుర్తులు వేరు. కాబట్టి పంజాబ్ విభజన గురించి ఒక్క మాట కూడా అనకుండా మన చానెల్ ఒకటి గంటసేపు ఊయల బొమ్మలు చూపిస్తే మీకు మండటం సహజం.

అయితే ఒక విషయం తెలుసుకోవాలి, ఈ సంబరం అంటే గిట్టనివాళ్లు బ్రిటన్‌లోనే చాలామంది ఉన్నారు. 2013 జులైలో విలియం పెద్దకొడుకు జార్జ్ పుట్టినప్పుడు గార్డియన్ పత్రిక తన వెబ్‌సైటులో ఒక బటన్ పెట్టింది, రాచరికం వద్దనుకునేవాళ్లు దాన్ని నొక్కితే ఆ పుట్టుక వార్తలన్నీ కనపడకుండా పోతాయి. ప్రైవేట్ ఐ అనే వ్యంగ్య పత్రిక ముఖచిత్రం మీద "ఒకామెకి బిడ్డ పుట్టింది" అన్న అర్థం వచ్చే మాట తప్ప ఇంకేమీ పెద్దగా వెయ్యలేదు. అదే సమయంలో గ్రీన్ పార్కులో 41, లండన్ టవర్ దగ్గర 62 తుపాకులు పేల్చారు, ట్రఫాల్గర్ స్క్వేర్ ఫౌంటెన్లకి నీలం లైట్లు వేశారు. రెండూ ఆ దేశమే.

నాది ఒక్కటే మాట. కోహినూర్ గురించి అడగండి, బెంగాల్ కరువు గురించి అడగండి, రాజభవనం లెక్క చెప్పాల్సిందే. కానీ ఆ లెక్క బొడ్డూడని బిడ్డ దగ్గర అడగకూడదు. వాడు ఎవరి దగ్గరా ఏమీ లాక్కోలేదు.

ప్రశ్న: మనం తాత పేరు పెట్టుకున్నట్టే వాళ్లూ పెద్దల పేర్లు పెట్టుకుంటారా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: పెట్టుకుంటారు, బాగా పెట్టుకుంటారు. మనవైపు మామగారి పేరు పెట్టిన కొడుకుని కోడలు పేరుతో పిలవలేక "చిన్నా" "నాన్నా" అంటుంది కదా, వాళ్లకి ఆ ఇబ్బంది లేదు, మూడు నాలుగు పేర్లు కలిపి పెట్టేసి అందర్నీ సంతోషపెడతారు. విలియం పిల్లల పేర్లే చూడండి, జార్జ్ అలెగ్జాండర్ లూయీ, షార్లెట్ ఎలిజబెత్ డయానా, లూయీ ఆర్థర్ చార్లెస్. షార్లెట్ పేరులో ముత్తవ్వ ఉంది, చనిపోయిన నానమ్మ ఉంది. ఆ పేరు విన్నరోజు డయానా కోసం అక్కడ మళ్లీ కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆర్చీ పేరులో మాత్రం రాజులెవరూ లేరు, అదే కొందరికి నచ్చింది, అదే కొందరికి గుచ్చుకుంది.

ప్రశ్న: తల్లి నల్లజాతి మూలాలున్న మనిషి కాబట్టే ఆ బాబుకి ప్రిన్స్ బిరుదు ఇవ్వలేదని చదివాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది రూలు. 1917లో అయిదో జార్జ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. రాజు లేదా రాణి పిల్లలు, వాళ్ల కొడుకుల పిల్లలు, ఆ పైన ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పెద్దకొడుకు పెద్దకొడుకు, వీళ్లకే ప్రిన్స్, ప్రిన్సెస్ బిరుదులు. 2019లో సింహాసనం మీదున్నది ఎలిజబెత్, ఆర్చీ ఆమెకి మునిమనవడు, పైగా చార్లెస్ చిన్నకొడుకు కొడుకు. రూలు ప్రకారం రాదు. మరి విలియం పిల్లలు ముగ్గురికీ ఎలా వచ్చింది? 2012 డిసెంబరు చివర్లో, జార్జ్ ఇంకా పుట్టకముందే, రాణి ఆ రూలు సవరించి విలియం పిల్లలందరికీ వర్తించేలా చేసింది. భవిష్యత్తులో రాజయ్యేవాడి పిల్లలు కాబట్టి చేశారన్నది ఒక సమాధానం, అది అబద్ధం కాదు. కానీ అన్న పిల్లల కోసం సవరించిన రూలుని తమ్ముడి పిల్లల కోసం సవరించకపోతే ఆ తమ్ముడి భార్యకి ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో వేరే చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబరు 8న ఎలిజబెత్ పోయి చార్లెస్ రాజయ్యాక ఆర్చీ రాజుగారి మనవడయ్యాడు, అదే పాత రూలుతో బిరుదు దానంతట అదే వచ్చింది. అయినా రాజభవనం వెబ్‌సైటులో మార్చింది 2023 మార్చిలో, అదీ చెల్లెలు లిలిబెట్ బాప్టిజం సందర్భంగా తల్లిదండ్రులే ఆమెని ప్రిన్సెస్ అని ప్రకటించాక.

రెండోది రంగు. దీన్ని రూలు చెప్పి దాటెయ్యలేం. 2021 మార్చిలో అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ఇంటర్వ్యూలో మేఘన్ చెప్పింది, బిడ్డ కడుపులో ఉండగానే వాడి ఒంటి రంగు ఎంత ముదురుగా ఉంటుందోనని ఇంట్లో మాటలు నడిచాయని. ఎవరన్నారో మాత్రం చెప్పలేదు. రాణి తరఫున వచ్చిన ప్రకటన అది ఆందోళన కలిగించే విషయమే అంటూనే, జ్ఞాపకాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉండొచ్చు అంది. ఇంట్లో ఏం జరిగిందో పక్కన పెడదాం, బయట జరిగింది అందరూ చూశారు. బాబు పుట్టిన రెండు మూడు రోజులకే బీబీసీ రేడియోలో పనిచేసే డానీ బేకర్, ఒక జంట మధ్యలో బట్టలు తొడిగిన చింపాంజీ ఉన్న పాత ఫొటో పెట్టి, రాజకుటుంబ శిశువు ఆస్పత్రి నుంచి బయటికొస్తున్నాడని ట్వీట్ చేశాడు. బీబీసీ అతన్ని తీసేసింది. రంగుని ఉద్దేశించి పెట్టలేదని, బుర్ర తక్కువ పని అని క్షమాపణ చెప్పుకున్నాడు. నోరు పారేసుకున్నాక క్షమాపణ ఎంత చెప్పినా ఆ ఫొటో చూసిన తల్లి కళ్లలోంచి పోతుందా?

మీరు హైదరాబాద్ నుంచి రాశారు కాబట్టి మన సంగతి కూడా అంటాను. పురిటి గదిలోకి చూడటానికొచ్చిన పెద్దావిడ బిడ్డ చెవి అంచు వెనక్కి మడిచి చూసి "ఇప్పుడు ఎర్రగా ఉన్నాడు గానీ చామనఛాయకి దిగుతాడు" అని తేల్చేస్తుంది, పక్కన మంచం మీద తల్లి వింటూ ఉంటుంది. కడుపుతో ఉన్న కోడలికి పాలల్లో కుంకుమపువ్వు కలిపిచ్చేది ఎందుకో అందరికీ తెలుసు. విండ్సర్‌లో అన్నా, విజయవాడలో అన్నా ఆ మాట తగిలేది తల్లికే. ఆ బాబు మీద వచ్చిన మాటలకి మనలో చాలామంది కోపం తెచ్చుకున్నారు, మంచిదే, రేపు మన చుట్టాలింట్లో ఎవరైనా చెవి మడిచి చూస్తే అక్కడ కూడా "వద్దు పిన్నీ" అనండి.

ప్రశ్న: మేం ఇక్కడ పన్నులు కడుతున్నాం. ఇంటి రిపేర్లకి మా డబ్బు వాడుకుని, బిడ్డ బాప్టిజం మాత్రం రహస్యంగా చేసుకుంటామంటే ఎలా?
– ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: ఇదే ప్రశ్న 2019 వేసవిలో బ్రిటన్ అంతా అడిగింది. హ్యారీ దంపతులు అప్పట్లో ఉన్న ఫ్రాగ్‌మోర్ కాటేజీ బాగుచేయడానికి 24 లక్షల పౌండ్ల ప్రజాధనం అయిందని జూన్‌లో లెక్కలు బయటికొచ్చాయి, జులై 6న విండ్సర్ కోటలోని సొంత చాపెల్‌లో బాప్టిజం చేసి, గాడ్‌పేరెంట్స్ (బాప్టిజంలో బిడ్డ తరఫున నిలబడే పెద్దలు) ఎవరో చెప్పం అన్నారు. రెండూ వెంటవెంటనే రావడంతో జనానికి కారం రాసినట్టయింది. డబ్బు సంగతి అడగడం మీ హక్కు, అందులో రెండో మాట లేదు, ఆ మొత్తాన్ని 2020 సెప్టెంబరులో హ్యారీ తిరిగి కట్టేశాడు కూడా. కానీ పన్ను కట్టాను కాబట్టి బిడ్డని నాకు చూపించాలి అన్నదగ్గర నేను మీతో రాలేను. గాడ్‌పేరెంట్స్ పేర్లు తెలిస్తే మర్నాడే వాళ్ల ఇళ్ల ముందు కెమెరాలుంటాయి. తల్లి డయానాని కెమెరాలు ఎలా వెంటాడాయో పన్నెండేళ్ల వయసులో చూసినవాడు తన కొడుకు విషయంలో తలుపులు వేసుకుంటే తప్పేముంది?

ప్రశ్న: మా కేజీహెచ్‌లో ఉన్న జార్జ్, ఈ చిన్న జార్జ్ పేరుకి కారణమైన జార్జ్ ఒకరేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదమ్మా. కింగ్ జార్జ్ ఆస్పత్రి మొదలైంది 1923లో, అప్పుడు గద్దె మీదున్నది అయిదో జార్జ్. విలియం కొడుక్కి ఆ పేరు పెట్టగానే అందరికీ గుర్తొచ్చింది మాత్రం ఎలిజబెత్ తండ్రి ఆరో జార్జ్, అంటే మీ ఆస్పత్రి జార్జ్‌గారి కొడుకు. ఆయన అసలు పేరు ఆల్బర్ట్, ఇంట్లో బర్టీ అనేవాళ్లు, 1936లో అన్న గద్దె వదులుకుంటే రాజై జార్జ్ అని పేరు తీసుకున్నాడు.

ప్రశ్న: మేం లండన్‌లో ఉంటాం. మా బాబుకి ఆర్చీ అని పెడదామని నాకు, మా ఆయనకి ఆశ. అత్తగారు ఫోన్లో ఏడుస్తున్నారు, తాతగారి పేరే పెట్టాలంటారు. బారసాల దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: ముందు మీకు, బాబుకి నా దీవెనలు. టెన్షన్ పడకండి, టైముంది. ఇంగ్లండ్‌లో బిడ్డ పుట్టిన 42 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే చాలు, అప్పటికీ మనసు మారితే రిజిస్టర్ చేసిన ఏడాదిలోపు మొదటి పేరు మార్చుకునే వీలు కూడా ఉంది. అత్తగారి ఏడుపుని మొండితనం అనుకోవద్దు, పోయిన మనిషి పేరు ఇంట్లో మళ్లీ వినిపించాలని ఆవిడ ఆరాటం. రెండు పేర్లూ పెట్టండి. బారసాలనాడు బియ్యంలో తాతగారి పేరు ముందు రాయించండి, ఆవిడని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఆవిడ నోటితోనే బాబు చెవిలో చెప్పించండి. సర్టిఫికెట్‌లో ఆర్చీ ముందు, తాతగారి పేరు తర్వాత వేయించుకోండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, పాస్‌పోర్టుకి అప్లై చేసేలోపే పేరు, స్పెల్లింగు ఖాయం చేసుకోండి, ఒక్కో కాగితంలో ఒక్కోలా పడితే రేపు బాబుకి ఇండియా వీసా గానీ, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు గానీ తీసుకునేటప్పుడు తిప్పలు పడతారు.