డాక్టర్ సలహా: డయాక్సిన్ సంగతి తర్వాత, ముందు పాపకు సీసం పరీక్ష

ప్రశ్న: మేముండేది చిన్న దీవి. ఓ కంపెనీ ఏళ్ల తరబడి పాత కార్ల తుక్కు పొడి, వాడేసిన నూనెలు దొంగచాటుగా పారబోసి తగలబెట్టింది. ఇప్పుడు తవ్వి తరలిస్తున్నారు. మావారు ఆ పనికే వెళ్తున్నారు. ఆ మంటల్లో పుట్టే విషరసాయనం డయాక్సిన్‌కు రక్తపరీక్ష చేయించుకోవాలా? ఆన్‌లైన్‌లో డిటాక్స్ క్యాప్సూల్స్ తెప్పించి నేను వాడుతున్నా. మూడేళ్ల పాపకూ సగం పొడి కలిపి ఇస్తున్నా. తనకు ఈమధ్య ఆకలి లేదు, విరేచనం సాఫీగా కావట్లేదు.

జవాబు: అమ్మా, ఆ క్యాప్సూల్ ఇద్దరూ ఈ రోజే ఆపేయండి. డబ్బా పారేయకండి, డాక్టర్‌కు చూపించండి. పాపను చూడకుండా నిర్ధారించలేను గానీ, ఆకలి మందగించి మలబద్ధకం ఉందంటే నాకు ముందు సీసం మీదే అనుమానం. తుక్కు పొడిలో అది ఉంటుంది. మీవారి బట్టలు, బూట్లతో ఇంట్లోకి వస్తుంది. నేల మీద ఆడిన చేయి నోట్లో పెట్టుకుంటే చాలు.

సీసం పరీక్షకు నరం నుంచే రక్తం తీయించండి. వేలి చివర గుచ్చి తీస్తే చర్మంమీది దుమ్ము కలిసి అంకె ఎక్కువగా రావచ్చు. హిమోగ్లోబిన్, ఐరన్ కూడా చూడమనండి. ఐరన్ తక్కువైతే ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. మందుతో సీసాన్ని బయటికి లాగే చికిత్స పిల్లల్లో సాధారణంగా 45, ఆపైన ఉంటేనే, అదీ ఆసుపత్రిలో. మీ క్యాప్సూల్‌లోనూ ఇలాంటి మందే ఉంటే, ఇంట్లో దుమ్ము అలాగే ఉండగా మింగితే సీసం పేగుల్లోంచి మరింత లోపలికి వెళ్లవచ్చు. ఒంట్లోని జింక్ కూడా పోతుంది. అందులో ఉన్నది డైసోడియం ఈడీటీఏ అనే, లోహాలను పట్టి లాగే రసాయనం అయితే రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎవరో చెప్పారని పసిబిడ్డకు ఇవ్వడం తప్పమ్మా.

మీవారు పనిచోటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. బావి నీళ్లు కాచినా లోహాలు పోవు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. జపాన్‌లోని తెషిమా దీవిలోనూ ఇలాగే పోశారు. సుమారు 9 లక్షల టన్నుల వ్యర్థాలు, కలుషిత మట్టి తరలించడం 2003 నుంచి 2017 దాకా సాగింది. భూగర్భజలాల శుద్ధి ఆ తర్వాత కూడా చేయాల్సి వచ్చింది. కాబట్టి లారీలు వెళ్లిపోయాయని బావి నీళ్లు మొదలెట్టకండి. ముందు ల్యాబ్ రిపోర్టు చూడండి.

డయాక్సిన్ పరీక్ష అరుదైన ల్యాబుల్లోనే చేస్తారు. ఫలితం ఏదొచ్చినా వైద్యం సాధారణంగా మారదు. అది కొవ్వులో చేరి సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. ఏ క్యాప్సూలూ దాన్ని కడిగేయలేదు.

పాపకు వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.