శిక్షణలో ఉండగానే పైలట్ల యూనియన్‌లో చేరవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. 2022 జూన్‌లో వేరే రాష్ట్రంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటలు 18 నెలల్లో పూర్తి చేయిస్తామని అగ్రిమెంటు రాశారు. ఇప్పటికి 118 గంటలే అయ్యాయి. ఒకసారి విమానం లేదంటారు, ఒకసారి ఇన్‌స్ట్రక్టర్ లేడంటారు. ఇప్పుడు ఇంకో ఆరు లక్షలు కట్టమంటున్నారు. మా నాయన కోడుమూరు దగ్గరి మూడెకరాలు అమ్మి, లోను తీసుకుని ఫీజు కట్టాడు. అందులో నాలుగు లక్షలు నగదుగా ఇచ్చాం, రసీదు అడగలేదు. అగ్రిమెంటులో మూడు పేజీలు దీంతో పంపుతున్నాను. ఆయన ముఖం చూడాలంటే ఏడుపొస్తోంది. నా దగ్గర ఒక ఎయిర్‌లైన్ ఇచ్చిన షరతులతో కూడిన ఆఫర్ లెటర్ ఉంది. పైలట్ల యూనియన్‌లో చేరితే వాళ్లే స్కూలుతో మాట్లాడతారని, ఫారంలో 'ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్' (ఎయిర్‌లైన్‌లో శిక్షణలో ఉన్న కో-పైలట్) అని రాసి, ఆఫర్ లెటర్ తేదీనే ఉద్యోగంలో చేరిన తేదీగా వేయమని సీనియర్ చెబుతున్నాడు. చేరవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది: ఫీజు మీ నాయన కట్టాడు. డబ్బు మీ ఇంటి నుంచి స్కూలుకు వెళ్లింది. స్కూలు నుంచి గానీ ఎయిర్‌లైన్ నుంచి గానీ మీకు జీతంగా ఒక్క రూపాయి రాలేదు. అంటే మీరు విద్యార్థి, ఉద్యోగి కాదు. ఆఫర్ లెటర్ దీన్ని మార్చదు. లైసెన్సు, మెడికల్ వంటి షరతులు తీరితేనే ఉద్యోగం అని అందులోనే ఉంది. షరతు తీరనంత వరకు అలాంటి ఒప్పందాన్ని అమలు చేయమని అడగలేమని కాంట్రాక్టు చట్టం 32వ సెక్షన్ చెబుతోంది.

ట్రేడ్ యూనియన్ అనేది ప్రధానంగా యజమానికీ కార్మికులకూ మధ్య సంబంధాల కోసం ఏర్పడేది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంలో అలాగే ఉండేది, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. మీకు యజమానే లేనప్పుడు యూనియన్ ఎవరితో బేరమాడుతుంది? బ్రిటన్‌లో బాల్పా అనే పైలట్ల సంఘం శిక్షణలో ఉన్నవాళ్లను కూడా చేర్చుకుంటుంది. ఇక్కడ మీరు అనుకుంటున్న సంఘం నియమావళి తెప్పించుకుని, ట్రైనీలకు సభ్యత్వం ఉందేమో చదవండి. ఉంటే ఫ్లయింగ్ స్కూలు ట్రైనీ అని నిజం రాసి చేరండి, తప్పులేదు. సలహా దొరుకుతుంది, నలుగురు పరిచయమవుతారు. అయితే మీ ఫీజు మాత్రం దాంతో వెనక్కి రాదు.

ఆ సీనియర్ చెప్పినట్టు మాత్రం రాయకండి. ఉద్యోగినని మీ చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం రేపు స్కూలు లాయరు చేతికి చిక్కుతుంది. 'ఈమె మా దగ్గర ఫీజు కట్టిన విద్యార్థి కాదు, ఎయిర్‌లైన్ ఉద్యోగి, వాళ్లనే అడగమనండి' అని ఆ కాగితంతోనే క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తాడు. విద్యార్థిగా డబ్బు అడిగే మీ హక్కును మీరే కాలదన్నుకున్నట్టవుతుంది. ఇక ఆఫర్ లెటర్ మీద తేదీ దిద్దితే అది ఫోర్జరీ, క్రిమినల్ కేసు. లైసెన్సు చేతికి రావలసిన వయసులో ఆ మచ్చ ఎందుకు?

మిమ్మల్ని అసలు తొందరపెట్టాల్సింది లిమిటేషన్, అంటే కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు. 2022 జూన్ నుంచి 18 నెలలంటే 2023 డిసెంబరు. ఒప్పందం తప్పింది అప్పుడే అని లెక్కేస్తే, సివిల్ దావాకు మూడేళ్ల గడువు 2026 డిసెంబరుతో అయిపోతుంది. వినియోగదారుల కమిషన్‌కు ఉన్న రెండేళ్లు 2025 డిసెంబరులోనే పోయాయి. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, చదువు చెప్పే సంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది. ఆ దారిని నమ్ముకోవద్దు. లాయర్ నోటీసు ఇస్తే గడువు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. మిగిలిన 82 గంటలు ఇస్తామని స్కూలు సంతకం పెట్టి, గడువులోపల రాసిచ్చిన లేఖ ఉంటే, ఆ తేదీ నుంచి కొత్త గడువు మొదలైందని లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద వాదించవచ్చు. వాట్సాప్‌లో 'చూద్దాం మేడమ్' అన్న మెసేజ్ ఆ పని చేయదు.

ఒక విషయంలో మీ తండ్రీకూతుళ్లను మందలించక తప్పదు. నాలుగు లక్షలు నగదుగా ఇచ్చి రసీదు అడగలేదని రాశారు. చేను అమ్మిన డబ్బమ్మా అది! బ్యాంకులో డ్రా చేసిన రోజు, స్కూలుకు వెళ్లిన రోజు ఒకటేనని చూపే స్టేట్‌మెంట్, టికెట్, ఆ రోజు మెసేజ్‌లు వెతకండి. అగ్రిమెంటు కూడా మూడు పేజీలే పంపారు. ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉంటే సాధారణంగా చివరి పేజీల్లో ఉంటుంది. అది ఉంటే దావా కాదు, ఆర్బిట్రేషన్ కోరుతూ ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ నోటీసు గడువులోపల అవతలివాళ్లకు అందాలి.

ముందు లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు రాసే పుస్తకం) ప్రతి పేజీ, ఇన్‌స్ట్రక్టర్ సంతకాలతో సహా ఫొటో తీయండి. 118 గంటలకు అదే సాక్ష్యం. వాట్సాప్ చాట్‌లు ఉన్న ఫోను మార్చకండి, అమ్మకండి. వాటిని కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. తర్వాత గంటల లెక్క, కట్టిన మొత్తం, వెనక్కి అడిగే మొత్తం రాసి అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువివ్వండి. కొత్తగా అడుగుతున్న ఆరు లక్షలు ఇప్పుడు కట్టకండి. బ్యాంకు కంతులు మాత్రం ఆపకండి. స్కూలు మీద కోపంతో లోను ఎగ్గొడితే బ్యాంకు మీ నాయన మీదికే వస్తుంది.

మీతో చేరినవాళ్లలో ఇలాగే ఆగిపోయినవాళ్లుంటే అందరూ సంతకాలు చేసి, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకు ఫిర్యాదు పంపండి. అది డబ్బు ఇప్పించదు గానీ, విమానాలు, ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారో లేరో స్కూలును అడగగలదు.

లాయరు ఫీజుకు భయపడకండి. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అగ్రిమెంటు అన్ని పేజీలూ, లాగ్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని ఈ వారంలోనే కర్నూలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మీ నాయనను కూడా వెంట తీసుకెళ్లండి, నగదు ఇచ్చింది ఆయన కాబట్టి సాక్షి కూడా ఆయనే.